మా డాబా మీద మూడు కిలోవాట్లు: బొగ్గు ఊరిలో సోలార్ పెట్టించుకున్న ఏడాది తరువాత

గోదావరిఖనిలోని మా ఇంటి డాబా మీద, కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద పెట్టించుకున్న 3 కిలోవాట్ల సోలార్‌కు 2025 జనవరిలో మీటరు బిగించారు. ఏడాది నిండి, ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడూ చూసిన తరువాతే దీని గురించి రాయాలని ఇన్నాళ్లూ ఆగాను. ఎందుకంటే సోలార్ మీద కనిపించే అభిప్రాయాల్లో ఎక్కువ భాగం బిగించిన వారం రోజుల్లో, అదీ మార్చి ఎండలో, ఫోన్‌లోని యాప్ చూసి మురిసిపోతూ రాసినవే. అవి చదివి లక్షా ఎనభై వేలు, రెండు లక్షలు పెట్టేవారికి ఆగస్టులో ఏం జరుగుతుందో తెలియదు. ముందుగానే చెప్పేస్తాను: వస్తువుగా చూస్తే ఇది నాకు నచ్చింది, మళ్లీ కొనవలసి వస్తే మళ్లీ కొంటాను. బిగించిన వారి పనితనం సగం మార్కులకే సరిపోతుంది. ఇక ఈ పథకం ఎవరి ఇంటిదాకా వస్తోంది, ఎవరి గుమ్మం దగ్గర ఆగిపోతోంది అన్న విషయంలో మాత్రం ఏడాదిగా నా మనసు కుదుటపడలేదు. కాబట్టి ఈ సమీక్షలో ఆ భాగమే పొడవుగా ఉంటుంది.

నేను సింగరేణిలో ఒక గని కార్యాలయంలో గుమాస్తాను. మా బాపు అదే సంస్థలో టబ్బుల్లోకి బొగ్గు నింపే ఫిల్లర్‌గా పనిచేసి దిగిపోయారు. ఇల్లు ఆయన దిగిపోయినప్పుడు వచ్చిన డబ్బుతో కట్టినది. సోలార్ మాత్రం నా డబ్బుతో, నిక్కచ్చిగా చెప్పాలంటే బొగ్గు డబ్బుతో పెట్టించినది. 2023-24 సంవత్సరపు లాభాల్లో కార్మికుల వాటాగా 796 కోట్ల రూపాయలను 2024 దసరాకు ముందు పంచారు. ఒక్కో పర్మినెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షలు వచ్చింది. నా మస్టర్ల (హాజరైన రోజుల) లెక్కన నాకు దానికి కొంచెం తక్కువ వచ్చింది. ఆ వారంలోనే మా వీధిలో ఒకరు కొత్త బైకు, మరొకరు బంగారం కొన్నారు. నేను ఆరు ప్యానెళ్లు కొన్నాను.

ఖర్చు లెక్క ఇది. 545 వాట్ల ప్యానెళ్లు ఆరు, 3 కిలోవాట్ల ఇన్వర్టర్, ఇనుప స్టాండు, తీగలు, ఎర్తింగ్, బిగింపు అన్నీ కలిపి 1,96,000 రూపాయలు. ఈ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000 చొప్పున కేంద్రం ఇచ్చే సబ్సిడీ 78,000. అంతకుమించి ఎన్ని కిలోవాట్లు పెట్టినా సబ్సిడీ అంతే. నా చేతి నుంచి పోయినది 1,18,000. అయితే సబ్సిడీని ధరలో తగ్గించి ఇవ్వరు. మొత్తం సొమ్ము మనం ముందు కట్టాలి, మీటరు బిగించి తనిఖీ పూర్తయిన తరువాత అది మన ఖాతాలో పడుతుంది. నాకు నెల తిరగకముందే పడింది. తాకట్టు లేకుండా ఏడు శాతానికి అటూ ఇటూ వడ్డీతో బ్యాంకు అప్పు దొరుకుతుంది కానీ, బ్యాంకువాళ్లు అడిగే కాగితాల్లో కరెంటు బిల్లు, ఇంటి కాగితం ముందు వరుసలో ఉంటాయి. ఈ ఇంటి కాగితం సంగతి గుర్తుంచుకోండి, తరువాత మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

సబ్సిడీ కావాలంటే ప్యానెల్ మాత్రమే కాదు, దాని లోపలి సెల్ కూడా మన దేశంలో తయారైనదే అయి ఉండాలి. దుకాణాల్లో వీటిని డీసీఆర్ ప్యానెళ్లు అంటారు. ఇవి దిగుమతి సెల్‌తో చేసినవాటికంటే ఖరీదు ఎక్కువ. ఆ తేడాను చూపించి, సబ్సిడీ వద్దనుకుంటే ఇంకా చవగ్గా ఇస్తానని మొదట కలిసిన ఒక విక్రేత ఆశపెట్టారు. సబ్సిడీ పోగా లెక్కవేస్తే డీసీఆరే చవక. ఆ లెక్క అక్కడే కాగితం మీద వేయించుకోండి.

బిగింపు గురించి. నేను ఎంచుకున్న విక్రేత పేరు ఇక్కడ రాయడం లేదు. స్టాండు కాళ్ల కింద దిమ్మెలు పోస్తామని ఒప్పందంలో రాసి, కూలీలు వచ్చిన రోజున నేను డ్యూటీలో ఉండగా నేరుగా స్లాబుకే రంధ్రాలు వేసి బోల్టులు దింపారు. జూలైలో మొదటి గట్టి వాన పడగానే వంటగది మూలన చెమ్మ దిగింది. మూడుసార్లు ఫోన్ చేశాక వచ్చి, బోల్టుల చుట్టూ ఏదో తెల్లటి రసాయనం పూసి వెళ్లారు, ఇప్పటికి కారడం లేదు. అలాగే ఇంటి వైపు ఏసీ కరెంటుకు ఒకటి, ప్యానెళ్ల వైపు డీసీ కరెంటుకు ఒకటి, పిడుగు నిరోధకానికి ఒకటి చొప్పున మూడు ఎర్తింగ్ గుంతలు తీయవలసి ఉండగా రెండింటితో ముగించబోయారు. పక్క గని ఎలక్ట్రీషియన్ మా ఇంటికి చాయ్ తాగడానికి రాకపోయి ఉంటే నాకు తెలిసేదే కాదు. పెట్టించుకునేవారు బిగించే రోజున సెలవు పెట్టుకుని డాబా మీదే కూర్చోవాలన్నది నా సలహా. ఐదేళ్లపాటు నిర్వహణ బాధ్యత విక్రేతదే అన్నది పథకం నిబంధన. ఆ మాట బిల్లు మీద రాయించుకుంటే తరువాత ఫోన్లు తగ్గుతాయి.

ఇక ఉత్పత్తి. ఒక కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు అనేది అందరూ వాడే లెక్క. ఆ లెక్కన మూడు కిలోవాట్లకు ఏడాదికి 4,380 యూనిట్లు రావాలి. నాకు వచ్చినవి 4,060. మార్చిలో అత్యధికంగా 410, జూలైలో అత్యల్పంగా 245. మే నెలలో బాగా వస్తుందని అందరూ అనుకుంటారు కానీ అలా కాదు. ప్యానెల్‌కు కావలసినది వెలుతురు, వేడి దానికి శత్రువు. ప్యానెల్ రేటింగ్ ఇచ్చేది 25 డిగ్రీల దగ్గర. అక్కడి నుంచి పెరిగే ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. రామగుండం మే ఎండలో గాలి 45 డిగ్రీలుంటే అద్దం కింద 65, 70 ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం పూట ఆరింట ఒక వంతు దాకా ఆవిరైపోతుంది.

మా ఊళ్లో దీనికి తోడు మరొకటి ఉంది. బొగ్గు ఊరు కాబట్టి వారం తిరిగేసరికి అద్దాల మీద నల్లటి పొర పేరుకుంటుంది. ఒక ఆదివారం పరీక్షగా చూశాను: ముందురోజు 9.6 యూనిట్లు ఇచ్చిన ప్యానెళ్లు, తెల్లవారకముందే రెండు బకెట్ల నీళ్లతో కడిగాక అదే రకం ఎండలో 11.4 ఇచ్చాయి. వేరే ఊళ్లలో నెలకోసారి కడిగితే చాలునేమో కానీ, ఇక్కడ వారానికోసారి తప్పదు. పొద్దెక్కాక కడగకూడదు, వేడెక్కిన అద్దం మీద చల్లటి నీళ్లు పడితే పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది.

అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: కరెంటు పోతే మీకు ఉంటుందా అని. ఉండదు. బ్యాటరీ లేని ఈ రకంలో, లైనులో సరఫరా ఆగిన మరుక్షణం ఇన్వర్టర్ కూడా తనంతట తానే ఆగిపోతుంది. ఎండ మండిపోతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్ మీదికి మన డాబా నుంచి కరెంటు వెళ్లకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. కారణం న్యాయమైనదే. కానీ విక్రేతలు ఈ మాట ముందు చెప్పరు, పెట్టించుకున్న తరువాత ఇంట్లోవాళ్లకు సమాధానం చెప్పుకోవలసింది మనమే.

బిల్లుల సంగతికి వస్తే, అంతకుముందు మా ఇంట్లో ఏడాదికి సుమారు 3,720 యూనిట్లు ఖర్చయ్యేవి. తెలంగాణలో 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200కు 5.10, తరువాతి నూరుకు 7.70, ఆపైన 400 దాకా 9 రూపాయలు చొప్పున పడుతుంది. అలా ఏడాదికి 22,000 దాకా కట్టేవాళ్లం. ఇప్పుడు పగలు మిగిలినది గ్రిడ్‌కు ఇచ్చి, రాత్రి దాని నుంచి తీసుకుని, రెండింటి తేడాకే కడుతున్నాం కాబట్టి స్థిర ఛార్జీలు, కొన్ని నెలల్లో కొద్దిపాటి యూనిట్లు కలిపి 2,000 దాటలేదు. ఏడాదికి 20,000 మిగులు అనుకుంటే పెట్టిన 1,18,000 ఆరేళ్లలో తిరిగి వస్తుంది, సబ్సిడీ లేకపోతే పదేళ్లు పడుతుంది. ప్యానెళ్ల పనితీరుకు హామీ 25 ఏళ్లు. మధ్యలో ఒకసారి ఇన్వర్టర్ మార్చవలసి రావచ్చని అనుకున్నా నష్టం లేదు.

ఒక నిజం ఒప్పుకోవాలి. మా ఖర్చు 3,720 యూనిట్ల దగ్గర ఆగలేదు, ఈ ఏడాది 4,150 అయింది. బిల్లు భయం పోయాక పిల్లల గదిలో ఏసీ రాత్రంతా నడవడం మొదలైంది. ఇది మా ఒక్క ఇంటి బలహీనత కాదు. 1865లోనే జెవన్స్ అనే ఆంగ్ల ఆర్థికవేత్త, ఆవిరియంత్రాలు పొదుపుగా మండేకొద్దీ బ్రిటన్‌లో బొగ్గు వాడకం తగ్గడానికి బదులు పెరుగుతుందని వాదించాడు. బొగ్గు గురించి చెప్పిన ఆ మాట నూట అరవై ఏళ్ల తరువాత బొగ్గు ఊళ్లోని ఒక గుమాస్తా ఇంట్లో, సోలార్ ప్యానెళ్ల కింద మళ్లీ రుజువైంది. సోలార్ పెట్టించుకున్న మరుసటి నెల నుంచి ఇంటి ఖర్చు యూనిట్లను గోడమీది క్యాలెండర్‌లో రాసుకోమని అందుకే అంటాను. యాప్ ఉత్పత్తిని గొప్పగా చూపిస్తుంది, వాడకాన్ని చూపించదు.

ఒక సాయంత్రం మా బాపుకు ఈ లెక్కలన్నీ చదివి వినిపించాను. మన థర్మల్ కేంద్రాల్లో ఒక యూనిట్ కరెంటుకు 650 నుంచి 700 గ్రాముల బొగ్గు మండుతుంది. ఆ లెక్కన మా డాబా ఏడాది పొడుగునా చేసిన పని 2.7 టన్నుల బొగ్గుకు సమానం. టన్ను పైచిలుకు పట్టే పాతకాలపు టబ్బుల్లో రెండున్నర. బాపు కాసేపు వేళ్లు మడిచి, తానూ తన జోడీ కలిసి మంచి రోజున ఒక షిఫ్టులో నింపింది అంతేనని, "అయితే ఏడాదికి ఒక్క షిఫ్టే తప్పిచ్చింది బిడ్డా ఇది" అని నవ్వారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పర్యావరణ అర్థశాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరైన జార్జెస్కు రోజెన్ నిల్వకూ ప్రవాహానికీ ఉన్న తేడాను పట్టి పట్టి చెప్పాడు. బొగ్గు నిల్వ. కోట్ల ఏళ్ల ఎండ పేరుకుని గట్టిపడిన గాదె అది, ఇష్టమొచ్చినంత వేగంగా తోడుకోవచ్చు, తోడిన కొద్దీ తరుగుతుంది. ఎండ ప్రవాహం. దానికి తరుగు లేదు కానీ తొందరపెడితే రాదు, ఇచ్చినప్పుడే పుచ్చుకోవాలి. బాపు ఒక్క షిఫ్టు చెమటలో గాదె నుంచి తీసినదాన్ని నేను సుమారు నూట డెబ్బై చదరపు అడుగుల అద్దం పరిచి, ఏడాది కాచుకుని పుచ్చుకున్నాను. బొగ్గును వదులుకోవడం ఎందుకంత కష్టమో ఈ పోలికలోనే తెలుస్తుంది. దాన్ని వదలక తప్పదనడానికి వేరే లెక్క ఉంది: ఆ ఒక్క షిఫ్టు బొగ్గు మండితే గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువు సుమారు నాలుగు టన్నులు.

నా ప్యానెళ్లు కూడా పుట్టుకతో శుద్ధమైనవేమీ కావు. సిలికాన్ కరగాలంటే 1,400 డిగ్రీలు దాటాలి, ఆ కొలిమికి కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తోంది. మన ఎండలకు ఒకటి రెండేళ్లలో ప్యానెల్ తన తయారీకి పట్టిన శక్తిని తిరిగి ఇచ్చేస్తుంది కాబట్టి ఆ అప్పు పెద్దది కాదు. చివరికి మిగిలే అద్దం, అల్యూమినియం, సెల్ ఏమవుతాయన్నది వేరు. 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాలు సోలార్ ప్యానెళ్లనూ చేర్చుకుని తయారీదారు మీద బాధ్యత పెట్టాయి. నా బిల్లు మీద మాత్రం పాడైన ప్యానెల్‌ను ఎవరికి అప్పగించాలో ఒక్క ముక్క కూడా లేదు. అడిగితే విక్రేత, అప్పటికి మీరూ నేనూ ఉంటామా సార్ అన్నారు.

ఇక మొదట్లో చెప్పిన ఇంటి కాగితం సంగతి. మా కింది వాటాలో ఒక కుటుంబం అద్దెకు ఉంటోంది. ఆయన కాంట్రాక్టు కార్మికుడు, నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో పనిచేస్తారు. నేను లాభాల వాటాతో సోలార్ కొన్న ఆ దసరాకే, కాంట్రాక్టు కార్మికులకు కూడా మొట్టమొదటిసారిగా లాభాల్లోంచి ఇచ్చారు. తలకు 5,000 రూపాయలు. సుమారు పాతిక వేల మందికి అది అందింది. మొదటిసారి ఇచ్చారన్నది మంచి మాటే, నేనూ సంతోషించాను. కానీ అదే బొగ్గు, అదే లాభం, నాకు మూడు కిలోవాట్లు కొనిపెట్టింది, ఆయనకు ఒక ప్యానెల్‌లో సగం కూడా రాదు. వచ్చినా బిగించుకోవడానికి ఆయనకు డాబా లేదు. సబ్సిడీ మనిషిని వెతుక్కుంటూ రాదు, కప్పును వెతుక్కుంటూ వస్తుంది. సొంత కప్పు, చేతిలో ముందుగా పెట్టడానికి రెండు లక్షలు, పెద్ద బిల్లు, ఈ మూడూ ఉన్నవాడికే 78,000 దక్కుతుంది. మా ఊరి క్వార్టర్లలో ఉన్న వేలాది కుటుంబాలకు కూడా కప్పు తమది కాదు.

దీనికి బదులుగా పేద ఇళ్లకు వేరే ఏర్పాటు ఉందని ఎవరైనా అనవచ్చు, ఉంది కూడా. ఆహార భద్రత కార్డు ఉండి నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తోంది. మా కింది వాటాకు వేరే మీటరు ఉంది, వారికీ వస్తోంది. ఇక్కడ ఒక చిక్కుంది. మే నెలలో ఇద్దరు పిల్లలకు జ్వరం వచ్చి రాత్రీ పగలూ కూలర్ నడవడంతో వారి మీటరు 212 చూపించింది. 200 దాటితే దాటిన పన్నెండుకు కాదు, మొత్తానికి కట్టాలి. 1,100 రూపాయల పైన వచ్చింది. అదే నెలలో, అదే గోడల మీద, ఆ కూలర్ తిరిగిన గది నెత్తిన ఉన్న నా ప్యానెళ్ల నుంచి మధ్యాహ్నం పూట ఎన్నో యూనిట్లు గ్రిడ్‌లోకి పోయాయి. మిగులు ఏదైనా ఉంటే దానికి దక్కే ధర నేను కట్టే ధరకంటే బాగా తక్కువ. వాటిలో పన్నెండు యూనిట్లను కింది మీటరుకు బదలాయించే వీలు నా ఒప్పందంలో లేదు. పై నుంచి ఒక తీగ లాగి ఇస్తే అది నిబంధనలకు విరుద్ధం. ఢిల్లీలో ఒక చోటి సోలార్‌ను పలు మీటర్లు పంచుకోవడానికి 2019 నుంచే మార్గదర్శకాలున్నాయి. అలాంటి పంపకం ప్రతి ఊరి అద్దె ఇంటికీ మామూలు దరఖాస్తుతో దొరకాలి. నా దృష్టిలో ఈ పథకంలోని అన్నిటికంటే పెద్ద లోపం ఇదే, ప్యానెల్ నాణ్యత కాదు, విక్రేత అలసత్వమూ కాదు.

ఇంకొక కోణం ఉంది, దీన్ని నేను నా మీదే గురిపెట్టుకుంటున్నాను. నెలకు 300 దాటి వాడే మా వంటి ఇళ్లు యూనిట్‌కు తొమ్మిది రూపాయలు కడితేనే, 50 యూనిట్లు వాడే ఇంటికి 1.95కు ఇవ్వడం పంపిణీ సంస్థలకు సాధ్యమవుతోంది. మిగతాది ప్రభుత్వం పూడుస్తోంది. ఎక్కువ కట్టేవాళ్లం ఒక్కొక్కరమే సోలార్ పెట్టుకుని ఆ వరుస నుంచి తప్పుకుంటున్నాం. రాత్రి మాత్రం అదే గ్రిడ్‌ను, అవే తీగలను, అదే థర్మల్ కేంద్రాన్ని వాడుకుంటున్నాం. నేను మిగిలించుకున్న 20,000 ఎక్కడో ఒకచోట లోటుగా తేలుతుంది. అందుకని సోలార్ వద్దనడం తప్పు. నాలాంటివాడు తీగల వాడకానికి న్యాయమైన రుసుము కట్టడానికి ఒప్పుకోవాలనీ, ఆ డబ్బు కప్పు లేనివారి సోలార్‌కు పోవాలనీ నా అభిప్రాయం. ఇది రాసినందుకు మా కాలనీలోని సోలార్ మిత్రులు నన్ను తిడతారని తెలుసు.

2015 పారిస్ వాతావరణ ఒప్పందపు పీఠికలో కార్మికులకు న్యాయమైన పరివర్తన అన్న మాట చేర్చారు. బొగ్గు పోయి సోలార్ వచ్చే రోజున కార్మికుడి గతి ఏమిటన్నది ఆ మాట వెనుక ప్రశ్న. మా ఊరివాళ్లం ఆ రోజు కోసం ఎదురుచూడనక్కర్లేదు, అది ఒకసారి వచ్చి వెళ్లింది. 1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. వాళ్లను తగ్గించినది సోలార్ కాదు. భూగర్భ బాయిల (గనుల) స్థానంలో ఓపెన్‌కాస్టులు, బొగ్గెత్తే తట్టా చెమ్మాసుల స్థానంలో యంత్రాలు, పర్మినెంట్ స్థానంలో కాంట్రాక్టు వచ్చాయి. బొగ్గు తగ్గలేదు, మనుషులు తగ్గారు. 1971 నుంచి నడిచిన రామగుండంలోని 62.5 మెగావాట్ల బీ థర్మల్ 2024లో మూతపడింది. దానికి కాస్త దూరంలోనే ఎన్టీపీసీ జలాశయం మీద 2022 జూలై నాటికి 100 మెగావాట్ల తేలియాడే సోలార్ పూర్తయింది. 500 ఎకరాల నీటి మీద పరుచుకున్న ఆ ప్యానెళ్లను చూడడానికి మేము పిల్లల్ని తీసుకుని వెళ్లాం. కళ్లకు బాగుంటుంది. కానీ బొగ్గు బాయి చుట్టూ ఊరు పుడుతుంది, సోలార్ చుట్టూ కంచె పుడుతుంది. బిగించే నెలల్లో కొన్ని వందల మందికి పని ఉంటుంది, ఆపైన కాపలాకు, కడగడానికి, మరమ్మతుకు కొద్దిమంది చాలు. కాబట్టి బొగ్గు ఉద్యోగానికి బదులు సోలార్ ఉద్యోగం అన్న మాటను మా ఊళ్లో ఎవరైనా చెబితే, ఎన్ని, ఎవరికి, ఎంత జీతానికి అని అడగడం అలవాటు చేసుకోవాలి.

హెర్మన్ డాలీ అనే అమెరికా ఆర్థికవేత్త ఒక సూత్రం చెప్పాడు: తరిగిపోయే వనరును, దాని స్థానంలో తరగని వనరు సమకూరే వేగాన్ని మించి వాడకూడదని. మా డాబా మీద జరిగినది చిన్నరూపంలో అదే. బొగ్గు లాభం ఆరు ప్యానెళ్లయింది. కానీ అది నా ఇష్టం మీద జరిగింది. పక్కింటాయన లాభం బైకయింది, అది ఆయన హక్కు. గనులున్న జిల్లాల బాగు కోసం 2015 చట్టంతో ఖనిజ నిధి ఏర్పడింది, బొగ్గు రాయల్టీ మీద లెక్కగట్టి దానికి జమ చేస్తారు. ఆ నిధిలో ఒక పాలును క్వార్టర్ల కప్పుల మీద, బస్తీల్లోని బడుల మీద, సంఘం భవనాల మీద ప్యానెళ్లుగా మార్చి, వచ్చే యూనిట్లను కాంట్రాక్టు కార్మికుల మీటర్లకు పంచితే సూత్రం మొత్తం ఊరికి వర్తిస్తుంది. కావలసిన ప్యానెళ్లూ, కప్పులూ, డబ్బూ ఊళ్లోనే ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపే దరఖాస్తు ఫారం ఒక్కటే లేదు.

కొనదలచినవారు తరచుగా అడిగేవి మరో రెండు. 10 కిలోవాట్ల లోపు వాటికి ఇప్పుడు సాంకేతిక సాధ్యత తనిఖీ అక్కర్లేదు, దరఖాస్తు ఆన్‌లైన్‌లో మనమే పెట్టుకోవచ్చు, ఎవరికీ దానికోసం డబ్బు ఇవ్వవద్దు. నెలకు 200 యూనిట్లలోపు వాడుతూ గృహజ్యోతి అందుతున్నవారు ఈ పెట్టుబడి పెట్టవద్దు. మీకు మిగిలేదేమీ ఉండదు, విక్రేత ఎంత చెప్పినా.

మా కింది వాటా ఆయన మే నెల బిల్లు కట్టిన తరువాత, వేసవి మూడు నెలలూ అద్దెలో 300 తగ్గిస్తానని నేను అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఊరికే ఎందుకన్నా, వారం వారం మీ ప్యానెళ్లు నేను కడుగుతా, దానికి ఇవ్వండి అన్నారు. నాకు మోకాలి నొప్పి ఉంది కాబట్టి బేరం ఇద్దరికీ కుదిరింది. ఆరు రోజులు ఓపెన్‌కాస్టులో బొగ్గు మధ్య పనిచేసి, ఏడో రోజు తెల్లవారుజామున మా డాబా ఎక్కి అద్దాల మీది బొగ్గు పొర కడుగుతున్నారు. సోలార్ వల్ల మా ఇంట్లో పుట్టిన ఉద్యోగం ఇప్పటికి ఇదొక్కటే. ఆయన మెట్లెక్కే చప్పుడు వినిపించగానే బాపు లేచి, మొదటి షిఫ్టు సైరన్ మోగకముందే, కింది నుంచి నీళ్ల బకెట్లు అందిస్తున్నారు.